కవాలియర్ కుక్కపిల్ల కొనాలనుకుంటున్నారా? ముందు దాని అమ్మ గుండె సంగతి అడగండి

వెంగళరావు నగర్ నుంచి మాట్లాడుతున్నా. ఈ రోజు ఎపిసోడ్ డాగ్ షోల మీద. అందులోనూ ఒకే ఒక్క జాతి మీద. దాని పేరు కవాలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్. పేరు పెద్దది, కుక్క చిన్నది. బరువు అయిదున్నర నుంచి ఎనిమిది కిలోల లోపే.

మీరు చూసే ఉంటారు. పెద్ద పెద్ద గుండ్రటి కళ్ళు, భుజాల దాకా వేలాడే చెవులు, పట్టులాంటి జుట్టు, ఎప్పుడూ ఊగుతూ ఉండే తోక. ఫిల్మ్ నగర్, జూబ్లీహిల్స్ వైపు నుంచి వచ్చే రీల్స్‌లో ఈ మధ్య బాగానే కనిపిస్తోంది. మన కాలనీ కుర్రాళ్ళు ఆ రీల్ నాకు చూపించి, "అన్నా, దీని పేరేంటి, ఎంతకొస్తుంది?" అని అడుగుతున్నారు. ధర ఎవరైనా చెప్తారు. నేను ఈ రోజు ధర కాకుండా వేరే సంగతి చెప్తా. కొంచెం ఓపిగ్గా వినండి, మీ డబ్బుతో పాటు ఒక ప్రాణం కూడా ఇందులో ఉంది.

షోలో అసలేం జరుగుతుంది?

ముందు డాగ్ షో అంటే ఏంటో తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. మన దేశంలో జాతి కుక్కల రిజిస్ట్రేషన్, పెడిగ్రీ పేపర్లు చూసుకునేది కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా. హెడ్ ఆఫీస్ చెన్నైలో ఉంది. ఊరూరా ఉన్న క్లబ్బులు దీని కింద షోలు పెడతాయి, మన హైదరాబాద్‌లో కూడా జరుగుతాయి. మన ఎండలు తెలుసు కదా, అందుకే ఎక్కువగా చలికాలంలోనే సందడి.

షోలో కుక్కల్ని గ్రూపులుగా విడదీస్తారు. కవాలియర్ తొమ్మిదో గ్రూపులోకి వస్తుంది. ఒళ్ళో కూర్చోబెట్టుకునే చిన్న కుక్కల గ్రూపు అది. పగ్, షిట్జు, చివావా, ఇవన్నీ అందులోవే. చిన్న కుక్క కాబట్టి టేబుల్ మీద నిలబెడతారు. జడ్జి వచ్చి పళ్ళు చూస్తారు, వీపు, కాళ్ళు, భుజాల ఎముకలు చేత్తో తడిమి చూస్తారు. తర్వాత హ్యాండ్లర్ దాన్ని రింగ్‌లో నడిపిస్తాడు, జడ్జి నడక చూస్తారు. జాతిలో గెలిచింది గ్రూపులోకి, గ్రూపులో గెలిచింది బెస్ట్ ఇన్ షో పోటీకి వెళ్తుంది.

ఇక్కడో సరదా విషయం. కవాలియర్‌కి కటింగ్ చేయకూడదు. జాతి ప్రమాణాల్లోనే రాసి ఉంది, కత్తిరింపు అసలు ఉండకూడదని. పాదాల దగ్గర జుట్టు పెరిగి చెప్పులు తొడుక్కున్నట్టు ఉంటుంది, దాన్ని కూడా అలాగే వదిలేయాలి. నాలుగు రంగులకే గుర్తింపు. తెలుపు మీద ఎర్రటి గోధుమరంగు మచ్చలుంటే బ్లెన్‌హైమ్. నలుపు, తెలుపు, గోధుమ కలిస్తే ట్రైకలర్. ఒళ్ళంతా ఎరుపైతే రూబీ. నలుపు మీద గోధుమ చారలైతే బ్లాక్ అండ్ టాన్.

ఇంతా చూస్తారు కానీ, జడ్జి చేతిలో స్టెతస్కోప్ ఉండదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

పాతిక పౌండ్ల కథ

ఈ జాతి ఎలా పుట్టిందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండ్‌ని ఏలిన రెండో చార్లెస్ రాజుకి చిన్న స్పానియల్స్ అంటే పిచ్చి. కింగ్ చార్లెస్ అనే పేరు అలా వచ్చింది. అప్పటి పెయింటింగ్స్‌లో ఆ కుక్కలకి ముక్కు కాస్త పొడుగ్గా ఉంటుంది. తర్వాత తర్వాత ఫ్యాషన్ మారింది. ముక్కు నొక్కేసినట్టుండి, తల గుండ్రంగా ఉంటేనే అందం అన్నారు. జనం అలాంటి వాటినే పెంచారు. పాత రూపం దాదాపు మాయమైపోయింది.

1926లో రోస్‌వెల్ ఎల్‌డ్రిడ్జ్ అనే అమెరికన్ ఇంగ్లండ్ వచ్చాడు. పెయింటింగ్స్‌లో కనిపించే ఆ పొడుగు ముక్కు కుక్క ఆయనకి ఎక్కడా దొరకలేదు. అప్పుడు ఏం చేశాడంటే, క్రఫ్ట్స్ అనే పెద్ద డాగ్ షోలో ఒక బహుమతి ప్రకటించాడు. పాత రూపానికి దగ్గరగా ఉన్న కుక్కకి 25 పౌండ్లు. అంతే! అప్పటిదాకా పొడుగు ముక్కుతో పుట్టిన పిల్లల్ని పనికిరానివని పక్కన పెట్టినవాళ్ళే వాటిని వెతికి తీసుకురావడం మొదలుపెట్టారు. 1928లో క్లబ్ ఏర్పడింది. ఆన్స్ సన్ అనే కుక్కని నమూనాగా పెట్టుకుని ప్రమాణాలు రాశారు. ఎల్‌డ్రిడ్జ్ మాత్రం ఇదంతా చూడకుండానే పోయాడు. 1945లో బ్రిటన్ కెన్నెల్ క్లబ్ దీన్ని వేరే జాతిగా గుర్తించింది. 1973లో అలాన్స్‌మియర్ ఆక్వేరియస్ అనే కవాలియర్ క్రఫ్ట్స్‌లో బెస్ట్ ఇన్ షో కొట్టింది. ఆ తర్వాత దీనికి గిరాకీ మామూలుగా పెరగలేదు. 1980ల్లో అమెరికా ప్రెసిడెంట్ రీగన్ ఇంట్లో, అంటే సాక్షాత్తూ వైట్‌హౌస్‌లో, రెక్స్ అనే కవాలియర్ తిరిగింది.

ఈ కథలో మనకి కావాల్సిన పాయింట్ ఒకటే. ఒక్క బహుమతి ఒక జాతి ముక్కుని మార్చేసింది. మనం దేనికి చప్పట్లు కొడతామో, కుక్కలు అలా తయారవుతాయి. కుక్కకి ఏమీ తెలియదు పాపం. దాన్ని పెంచేవాడికి మాత్రం బాగా తెలుసు.

అందం వెనకాల గుండె

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో ఇంగ్లండ్‌లో మనుషులకే తిండి రేషన్. కుక్కల్ని పెంచేవాళ్ళు ఏం చేస్తారు? కవాలియర్లు బాగా తగ్గిపోయాయి. ఈనాటి కవాలియర్లలో ఎక్కువ భాగం ఆరంటే ఆరు కుక్కల సంతానమని చెప్తారు.

మనకి మేనరికం గురించి తెలుసు కదా. మేనమామ కూతురు, మేనత్త కొడుకు, అలా తరతరాలుగా ఒకే కుటుంబాల మధ్య సంబంధాలు కలుపుకుంటూ పోతే పిల్లలకి జబ్బులు వచ్చే అవకాశం పెరుగుతుందని డాక్టర్లు చెప్తూనే ఉంటారు. ఇక్కడ జాతి మొత్తం మేనరికమే అనుకోండి. పైగా కప్పు గెలిచిన మగకుక్క ఒకటి ఉంటే అందరూ దాని దగ్గరికే క్రాసింగ్‌కి వెళ్తారు. అప్పుడు ఆ సర్కిల్ ఇంకా చిన్నదైపోతుంది.

దాని ఫలితం గుండె మీద పడింది. గుండెలో మైట్రల్ వాల్వ్ అని ఒకటుంటుంది. ఇంట్లో నీళ్ళ మోటార్‌కి వాల్వ్ ఉంటుంది చూడండి, పైకెళ్ళిన నీళ్ళు వెనక్కి రాకుండా ఆపేది, అలాంటిదే. కవాలియర్లలో అది చిన్న వయసులోనే మందమై, సరిగ్గా మూసుకోదు. రక్తం వెనక్కి కారుతుంది. డాక్టర్ స్టెతస్కోప్ పెడితే బుస్సుమని శబ్దం వినిపిస్తుంది. దాన్నే మర్మర్ అంటారు. అయిదేళ్ళ వయసొచ్చేసరికి దాదాపు సగం కవాలియర్లకి ఈ మర్మర్ ఉంటుందని, పదేళ్ళు దాటితే దాదాపు అన్నింటికీ ఉంటుందని వెటర్నరీ పుస్తకాలు చెప్తాయి.

ఇంకో మాట వింటే మీకే అర్థమవుతుంది. కుక్కల్లో వచ్చే ఈ వాల్వ్ జబ్బుని అమెరికా పశువైద్య నిపుణులు దశలుగా విడదీశారు. మొదటిది ఏ దశ. అంటే జబ్బు ఇంకా రాలేదు, కానీ వచ్చే ముప్పు ఎక్కువ. దానికి వాళ్ళు ఇచ్చే ఉదాహరణే మర్మర్ లేని ప్రతి కవాలియర్! అంటే ఏమీ లేకుండా చక్కగా గెంతుతున్న కవాలియర్ పిల్ల కూడా లెక్క ప్రకారం మొదటి దశలోనే ఉన్నట్టు.

రెండోది తల సమస్య. పుర్రె వెనక భాగంలో మెదడుకి సరిపడా చోటు ఉండదు. ఒత్తిడి పెరిగి వెన్నుపాములో నీటి బుడగల్లాంటివి తయారవుతాయి. దీని పేరు సిరింగోమైలియా. అన్నింటికీ బాధ పెట్టకపోవచ్చు, కానీ పెట్టిన వాటికి నరకమే. నడుస్తూ నడుస్తూ మెడ దగ్గర గాల్లో గోక్కోవడం, ఎత్తుకోగానే కుయ్యిమని అరవడం, ఇవి దాని లక్షణాలు. రీల్‌లో చూస్తే "అబ్బ, ఎంత క్యూట్‌గా గోక్కుంటోందో" అనిపిస్తుంది. అది క్యూట్ కాదండీ, నొప్పి.

షోల లోకం ఉలిక్కిపడిన రోజు

2008 ఆగస్టులో బీబీసీ ఒక డాక్యుమెంటరీ వేసింది. పేరు పెడిగ్రీ డాగ్స్ ఎక్స్‌పోజ్డ్. జాతి కుక్కల ఆరోగ్యం ఎంత పాడైందో అందులో చూపించారు. సిరింగోమైలియా ఉందని తేలిన ఒక చాంపియన్ కవాలియర్‌తో 26 ఈతల పిల్లల్ని పుట్టించారని బయటపెట్టారు. పెద్ద గొడవైపోయింది. ఏళ్ళ తరబడి క్రఫ్ట్స్‌ని ప్రసారం చేస్తున్న బీబీసీయే 2009 నుంచి ఆపేసింది. తల్లీకొడుకులు, తండ్రీకూతుళ్ళు, అన్నాచెల్లెళ్ళ మధ్య క్రాసింగ్‌తో పుట్టిన పిల్లల్ని రిజిస్టర్ చేయబోమని బ్రిటన్ కెన్నెల్ క్లబ్ 2009లో రూల్ పెట్టింది. అంటే అప్పటిదాకా అది కూడా నడిచిందనే కదా అర్థం!

నార్వే ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడి జంతు సంరక్షణ సంస్థ కోర్టుకి వెళ్ళింది. 2022లో ఓస్లో కోర్టు, కవాలియర్లని ఇప్పుడున్న పద్ధతిలో పెంచడం జంతు సంక్షేమ చట్టానికి విరుద్ధం అంది. 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు కూడా కవాలియర్ విషయంలో అదే చెప్పింది. ఇంట్లో ఉన్న కుక్కని వదిలేయమని కాదు. కవాలియర్‌ని కవాలియర్‌తోనే కలిపి పిల్లల్ని తీయొద్దు, శాస్త్రీయంగా వేరే జాతితో కలిపి ఆరోగ్యం బాగుచేసే పని చేసుకోవచ్చు అని.

ఇది వినగానే షోలకి వెళ్ళేవాళ్ళంతా విలన్లు అనుకోకండి. నిజం చెప్పాలంటే దీనికి మందు కనిపెట్టింది కూడా ఆ లోకంలోని వాళ్ళే. డెన్మార్క్‌లో 2002 నుంచి ఒక పద్ధతి పెట్టారు. కవాలియర్‌ని క్రాసింగ్‌కి వాడాలంటే ముందు గుండె పరీక్ష తప్పనిసరి. ఎనిమిది నుంచి పదేళ్ళు గడిచాక లెక్క చూశారు. ఆ పద్ధతిలో పుట్టిన కుక్కల్లో వాల్వ్ జబ్బు ముప్పు 73 శాతం తగ్గింది. ఆ స్టడీ 2016లో వచ్చింది. చూశారా? అప్పట్లో 25 పౌండ్లు ముక్కుని మార్చినట్టే, ఇక్కడ ఒక రూల్ గుండెని మార్చింది.

అందుకే విదేశాల్లో మంచి కవాలియర్ క్లబ్బుల వాళ్ళు సంబరాలు చేసుకునేటప్పుడు టైటిళ్ళతో పాటు ఇంకో వార్త కూడా చెప్పుకుంటారు. "మా పిల్ల అయిదేళ్ళ గుండె పరీక్ష క్లియర్" అని. షోల్లో వెటరన్ క్లాస్ అని ఉంటుంది, వయసు మళ్ళిన కుక్కలకి. ఎనిమిదేళ్ళు దాటిన కవాలియర్ మూతి నెరిసిపోయి, ఆయాసం లేకుండా తోక ఊపుకుంటూ రింగ్ చుట్టూ నడిచిందంటే, నా దృష్టిలో ఆ రోజు అసలు చాంపియన్ అదే. బెస్ట్ ఇన్ షో కన్నా దానికే గట్టిగా చప్పట్లు కొట్టాలి.

మరి మన దగ్గర?

మన దగ్గర ఒక పాత అనుభవం ఉంది. 2003లో హచ్ ఫోన్ యాడ్ వచ్చింది. పిల్లాడి వెనకే తిరిగే పగ్. మీలో కొంతమంది అప్పటికి పుట్టి కూడా ఉండరు. ఆ యాడ్ తర్వాత దేశమంతా పగ్‌ల కోసం ఎగబడింది. ఎవరు పడితే వాళ్ళు పిల్లల్ని తీసి అమ్మారు. నొక్కుడు ముక్కుతో, మన మే నెల ఎండలో ఊపిరాడక ఆ కుక్కలు ఎంత అవస్థపడ్డాయో ఏ వెటర్నరీ డాక్టర్‌ని అడిగినా చెప్తారు. అప్పుడు టీవీ యాడ్, ఇప్పుడు రీల్. అప్పుడు పగ్, ఇప్పుడు కవాలియర్ వంతు రాకూడదని నా బాధ.

పైగా మన దేశంలో కవాలియర్లు తక్కువ. 2016లో కేంద్ర ప్రభుత్వం బ్రీడింగ్ వ్యాపారం కోసం విదేశీ కుక్కల్ని తెప్పించుకోవడం మీద ఆంక్షలు పెట్టింది. కుక్కల మంచికే పెట్టారు. కానీ గిరాకీ పెరిగి, ఉన్నవి తక్కువైతే ఏమవుతుంది? ఉన్నవాటినే తిప్పి తిప్పి కలుపుతారు. మళ్ళీ మేనరికం కథే. 777 చార్లీ సినిమా చూశారా? 2022లో కన్నడంలో తీశారు, తెలుగులో కూడా వచ్చింది. అందులో చార్లీ పారిపోయి వచ్చేది ఇలాంటి బ్రీడర్ దగ్గర్నుంచే.

ఇంకో అపోహ. "పేపర్లు ఉన్నాయి బ్రో, టెన్షన్ లేదు" అంటారు. పెడిగ్రీ సర్టిఫికెట్ అంటే దాని అమ్మ ఎవరు, నాన్న ఎవరు, తాత ఎవరు అని చెప్పే కాగితం. కులం సర్టిఫికెట్ లాంటిది. అది హెల్త్ సర్టిఫికెట్ కాదు. "నాన్న చాంపియన్" అన్నా అంతే. రింగ్‌లో జడ్జి చేతిలో స్టెతస్కోప్ లేదని ఇందాకే చెప్పుకున్నాం.

కొనేముందు ఇవి అడగండి

స్క్రీన్‌షాట్ తీసుకుంటే తీసుకోండి.

ఒకటి. అమ్మకుక్కని చూపించమనండి. "ఊళ్ళో ఉంది, ఫామ్‌లో ఉంది, ఫొటో పంపిస్తా" అంటే దండం పెట్టి వచ్చేయండి.

రెండు. అమ్మానాన్నల వయసెంత, గుండె పరీక్ష ఎప్పుడు చేయించారు, రిపోర్ట్ ఏది? గుండె డాక్టర్లు 1998లో చెప్పిన పద్ధతి ఏంటంటే, కవాలియర్‌కి రెండున్నరేళ్ళు నిండి, గుండె బాగుంటేనే క్రాసింగ్ చేయించాలి. దాని అమ్మానాన్నలకి కూడా అయిదేళ్ళప్పుడు మర్మర్ లేకుండా ఉండాలి. ఏడాది వయసు మగకుక్కతో పిల్లల్ని తీశామని గొప్పగా చెప్పారంటే, వాళ్ళకి ఈ విషయం తెలియదు, లేదా తెలిసీ పట్టించుకోలేదు.

మూడు. 2017లో వచ్చిన కేంద్ర రూల్స్ ప్రకారం కుక్కల్ని బ్రీడ్ చేసి అమ్మేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. నెల పిల్లని బుట్టలో పెట్టి ఇస్తున్నారంటే అది రూల్‌కి విరుద్ధం.

నాలుగు. తీసుకునే ముందు మీ సొంత డాక్టర్‌కి చూపించండి, అమ్మేవాళ్ళు చెప్పిన డాక్టర్‌కి కాదు. మనకి నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది.

ఆల్రెడీ ఇంట్లో ఉంటే?

కంగారు పడకండి. మర్మర్ వినిపించగానే అంతా అయిపోయినట్టు కాదు. చాలా కుక్కలు మర్మర్‌తోనే ఏళ్ళ తరబడి హాయిగా బతుకుతాయి. గుండె సైజు పెరిగిన దశలో పిమోబెండాన్ అనే మందు మొదలుపెడితే, గుండె ఫెయిల్ అయ్యే రోజు సగటున 15 నెలలు వెనక్కి వెళ్తుందని 2016లో ఒక పెద్ద స్టడీలో తేలింది. కుక్కకి 15 నెలలంటే చిన్న విషయం కాదు. కానీ ఎప్పుడు, ఎంత వేయాలో డాక్టరే చెప్పాలి, ఎక్స్‌రే, ఎకో చూసి. సొంతంగా వేసేయకండి.

మీ చేతిలో ఉన్న ఫోన్‌తో ఒక పని చేయొచ్చు. కుక్క గాఢంగా నిద్రపోయేటప్పుడు స్టాప్‌వాచ్ పెట్టి దాని పొట్ట ఎన్నిసార్లు లేచి పడుతోందో 30 సెకన్లు లెక్కపెట్టండి. రెండుతో గుణించండి. నిమిషానికి 30 లోపు ఉంటే మంచిది. రోజూ రాసుకోండి. 30 దాటి అలాగే ఉంటోందంటే వెంటనే డాక్టర్ దగ్గరికి. ఏడాదికోసారి గుండె చెకప్ చేయించండి. బరువు పెరగనివ్వకండి. "పాపం చూస్తోంది" అని బిర్యానీ ముక్కలు పెట్టడం ఆపండి. మెడకి కాలర్ బదులు ఒంటికి వేసే హార్నెస్ వాడండి. ఎండాకాలం పొద్దున్నే, చీకటి పడ్డాక మాత్రమే బయటికి తీసుకెళ్ళండి. తారు రోడ్డు మీద మీ అరచేయి ఆనించి చూడండి, మీకు కాలితే దానికీ కాలుతుంది.

చివరగా ఒక్క మాట. మనలో చాలామంది ఎప్పటికీ షోలో జడ్జిలం కాలేం. కానీ రోజూ ఫోన్‌లో మనం చేసేది జడ్జి పనే. ఒక లైక్ కొడతాం, ఒక షేర్ చేస్తాం, ఒక పిల్లకి అడ్వాన్స్ పంపిస్తాం. అదంతా బహుమతే. మూడు నెలల పిల్ల రీల్‌కి లక్ష లైకులొస్తే మార్కెట్‌లోకి ఇంకో వంద పిల్లలొస్తాయి. పదేళ్ళ ముసలి కవాలియర్ పార్కులో హాయిగా నడుస్తున్న వీడియో కనిపిస్తే దానికి లైక్ కొట్టండి. దాని యజమానిని అడగండి, ఏ బ్రీడర్ దగ్గర తెచ్చారు, గుండె రిపోర్ట్ ఎలా ఉంది అని. పదిమంది ఈ ప్రశ్న అడిగితే అమ్మేవాడు పరీక్ష చేయించక తప్పదు.

కవాలియర్ దాకా ఎందుకు అనిపిస్తే, మన బ్లూ క్రాస్ లాంటి షెల్టర్లలో ఇల్లు కోసం ఎదురుచూస్తున్న దేశీ పిల్లలున్నాయి. మన ఎండకి అలవాటుపడినవి, ప్రేమకి ఏం తక్కువ చేయవు. ఏది తెచ్చుకున్నా టీకాలు వేయించండి, జీహెచ్ఎంసీ లైసెన్స్ తీసుకోండి.

ఈ వీడియో ఎవరికైనా పంపాలనుకుంటే, ఈ నెలలో కుక్కపిల్ల కొనబోతున్న ఫ్రెండ్‌కి పంపండి. అడ్వాన్స్ కట్టకముందే పంపండి. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.